కరెంటు పోయిందని చెప్పేదెవరు?

కరెంటు పోగానే ఎవరైనా చేసే మొదటి పని ఏమిటి? కొవ్వొత్తి వెతకడం కాదు. గుమ్మంలోకి వచ్చి పక్కింటి వైపు చూడటం! అక్కడా చీకటే అయితే... హమ్మయ్య, మనకొక్కరికే కాదన్నమాట. ఇక బెంగ లేదు. వీధి వీధంతా పోయాక ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారులే అనుకుని లోపలికొచ్చి విసనకర్ర అందుకుంటారు. ఎదురింటాయనా సరిగ్గా అదే అనుకుంటాడు. వెనక వీధి మేష్టారూ అంతే. గంట గడిచాక అరుగు మీద కబుర్లలో తేలేదేమిటంటే... ఫోను ఎవరూ చేయలేదు.

మామూలు రోజుల్లో ఈ బద్ధకానికి పడే శిక్ష చిన్నదే. ఓ గంట ఉక్కపోత, ఓ సీరియల్ ఎపిసోడ్. తుపాను రోజున లెక్క మారిపోతుంది. అప్పుడు చెప్పాలని అందరికీ ఉంటుంది. చెప్పే దారే ఉండదు.

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర్లో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. విసురుగా వచ్చినప్పుడు 165. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని తెలిసినవాళ్లు తర్వాత చెప్పారుగానీ, ఉద్దానం జనానికి ఆ రాత్రి వినిపించింది రెక్కల చప్పుడు కాదు. పెంకులు ఎగిరిన చప్పుడు, కొబ్బరి చెట్లు కూలిన చప్పుడు.

ఉద్యానవనమే ఉద్దానం అయిందంటారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల్లో ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. తోట ఎక్కడ అయిపోయి ఊరు ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. ఇళ్లు చెట్ల మధ్య ఉంటాయి. కరెంటు తీగలూ చెట్ల మధ్యనుంచే వెళతాయి. అందుకే అక్కడ తుపాను వస్తే చెట్టు నష్టం వేరు, కరెంటు నష్టం వేరు కాదు. కొబ్బరి చెట్టు ఒరుగుతూ తీగ మీద పడుతుంది. తీగ బిగుసుకుని స్తంభాన్ని లాగుతుంది. ఆ స్తంభం అయిదడుగుల గోతిలో నిలబడిందే అయినా, వానకు నాని మెత్తబడిన ఇసుక నేల దాన్ని పట్టి ఉంచలేదు. అది వాలుతూ పక్కదాన్ని లాగుతుంది. చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో ఒకడు జారితే ఏమవుతుందో అదే! ఒక్క చెట్టు పడితే నాలుగు స్తంభాలు నేలకొరగడం వింతేమీ కాదు.

తెల్లారాక చూస్తే తోట లేదు. దారీ లేదు. కరెంటు సంగతి ఇక అడిగేదేముంది!

సబ్‌స్టేషన్‌కు కనిపించేదెంత?

కరెంటు ఆఫీసులో కూర్చుంటే ఏ ఊళ్లో ఏ తీగ తెగిందో బోర్డు మీద కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. పల్లెలకు కరెంటు పంపే సబ్‌స్టేషన్‌లోకి 33 వేల వోల్టుల లైను వస్తుంది. అక్కడ దాన్ని 11 వేల వోల్టులకు తగ్గించి, నాలుగైదు ఫీడర్లుగా నాలుగు దిక్కులకూ పంపుతారు. ఒక్కో ఫీడరు మీద బోలెడన్ని ఊళ్లు, ఊరూరా ట్రాన్స్‌ఫార్మర్లు. లైను ఎక్కడో నేలను తాకిందంటే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు ‘టప్’మని పడిపోతుంది. ఫలానా ఫీడరు పోయిందని ఆపరేటరుకు అర్థమవుతుంది. అక్కడితో సరి. మైళ్ల పొడవున్న ఆ లైనులో తప్పు జరిగింది మొదటి ఊళ్లోనా, ఆఖరి పేటలోనా? ఆయనకు తెలియదు. ఎవరో చెప్పాలి. లేదా లైన్‌మన్ స్తంభం వెంట స్తంభం నడిచి వెతకాలి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఇళ్లకు వెళ్లే చిన్న తీగల సంగతి సరేసరి. వీధి చివర ఫ్యూజు పోయినా, స్తంభం విరిగినా సబ్‌స్టేషన్‌లో చీమ కుట్టినట్టయినా ఉండదు. మీటర్లు అన్నీ మామూలుగానే చూపిస్తాయి. ఆ పేటలో చీకటి ఉందన్న సంగతి ఆ పేటకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

ఇక్కడే ఉంది తిరకాసు. బాగా దెబ్బతిన్న ఊరే గట్టిగా చెప్పుకోవాలి. కానీ బాగా దెబ్బతిన్న ఊరికే గొంతు పోతుంది. సెల్ టవర్‌కూ కరెంటు కావాలి కదా. కరెంటు పోతే కొన్ని గంటలు బ్యాటరీ, ఆపైన డీజిల్ జనరేటర్. డీజిల్ అయిపోతే తెచ్చి పోయాలంటే రోడ్డు ఉండాలి. రోడ్డు మీదేమో చెట్లు! ఈమధ్య తుపాన్లప్పుడు ఒక కంపెనీ టవరు పడిపోయినా ఇంకో కంపెనీ టవరుకు ఫోను తగులుకునేలా ఏర్పాటు చేస్తున్నారు. మంచిదే. ఏదో ఒక టవరు నిలబడి ఉంటేనే అది పనికొచ్చేది.

చెవిన పడని ఊరు

శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు ఎంతోమంది వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళతారు. ఉద్దానం కుర్రాళ్లు కూలి పనులకు, కొలువులకు దేశమంతా తిరుగుతుంటారు. తుపాను వార్త టీవీలో చూడగానే వాళ్లు చేసేది ఇంటికి ఫోను. అవతల వినిపించేది ‘స్విచ్చాఫ్’. అమ్మ ఫోనుకు చార్జింగ్ లేదా, టవరు లేదా, ఇల్లే లేదా? ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలు! పక్కింటివాళ్లకు, మేనమామకు, సర్పంచికి వరసగా చేసుకుంటూ పోతారు. అన్నీ అంతే.

ఆఫీసుల్లో మాత్రం ఈ నిశ్శబ్దానికి ఒక్కోసారి ఇంకో అర్థం తీస్తారు. ఫలానా ఊరినుంచి ఫిర్యాదులేమీ రాలేదు. అంటే అక్కడ ఫర్వాలేదు. పద్ధతి ప్రకారం చూస్తే ఆ మాట తప్పు కాదు. కాగితం మీద ఫిర్యాదు లేదు మరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10 వేలకు పైగా జనం పోయారు. తంతి తీగలు, టెలిఫోన్లు, రోడ్లు ఒక్కసారిగా తెగిపోవడంతో జరిగిందేమిటో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు కాబట్టి అలా జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. సెల్‌ఫోన్లు వచ్చాక ధైర్యం పెరిగింది. ఆ ధైర్యం బ్యాటరీ ఉన్నంతసేపే అని 2018లో ఉద్దానం చూసింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడితే సాయంత్రానికల్లా దేశమంతటికీ తెలిసింది. నగరం, విమానాశ్రయం, కెమెరాలు. నాలుగేళ్ల తర్వాత తిత్లీకి అంత చూపు దక్కలేదు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలాసలో మకాం వేశారు. ఇతర జిల్లాలనుంచి లైన్‌మన్లు, స్తంభాలు, క్రేన్లు తరలివచ్చాయి. అయినా కొన్ని ఊళ్లకు రోజుల తరబడి వెలుగు రాలేదు. ‘కరెంటెప్పుడొస్తాది బాబూ?’ అన్నది అప్పుడు ఉద్దానంలో ఎవరికి ఎవరు ఎదురైనా అడిగే మాట.

కరెంటు లేకపోతే పల్లెలో ముందు ఆగేది ఫ్యాను కాదు, కుళాయి. మోటారు తిరగదు, ట్యాంకు నిండదు. చేతిపంపులు ఉన్నచోట బారులు. లేనిచోట ట్యాంకరు కోసం ఎదురుచూపులు. ఉద్దానానికి ఇంకో దిగులు కూడా ఉంది. మూత్రపిండాల జబ్బు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటే తప్ప గడవని మనుషులు ఆ ఊళ్లలో ఎంతోమంది. ఒక్కసారి డయాలసిస్‌కు నాలుగు గంటల కరెంటూ, శుద్ధి చేసిన నీళ్లు 120 లీటర్ల దాకా కావాలి. ఆసుపత్రిలో జనరేటర్ ఉంటుంది, నిజమే. కానీ రోగి ఉండేది ఊళ్లో. ఆటోకు ఫోను చేయాలంటే సిగ్నల్ లేదు. ఆటో వచ్చినా దారికడ్డంగా జీడిమామిడి చెట్లు. కరెంటు లేదంటే ఆ ఇంట్లో అర్థం చీకటి అని కాదు.

‘ఎక్కడ?’ అంటే చెప్పగలగాలి

పోనీ, ఎలాగో ఫోను కలిసిందనుకుందాం. కరెంటు ఫిర్యాదులకు దేశమంతటా నంబరు 1912. అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న... ఎక్కడ? ‘మా ఊళ్లోనండీ, రామాలయం దగ్గర’ అంటే చాలదు. రామాలయం లేని ఊరేది?

కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు ఉంటుంది. అది చెబితే ఏ సెక్షను, ఏ ట్రాన్స్‌ఫార్మర్ అన్నది వాళ్లే చూసుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదా, స్తంభాల మీదా పెయింటుతో రాసిన అంకెలు ఉంటాయి. రోజూ వాటి పక్కనుంచే వెళతాం. వాటికి గేదెను కట్టేస్తాం. ట్యూషన్ పోస్టరు అంటిస్తాం. ఆ అంకె ఏమిటో మాత్రం చూడం. తుపాను రాకముందు ఒక కాగితం మీద సర్వీసు నంబరు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, లైన్‌మన్ ఫోను నంబరు రాసి గోడకు అంటించుకోవడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఫోనులోనే దాచుకుంటే ఫోనుతోపాటే ఆరిపోతాయి మరి!

ఆ తర్వాత చెప్పాల్సింది, విరిగిందేమిటన్నది. స్తంభం పూర్తిగా పడిందా, ఒరిగిందా? తీగ నేలమీద ఉందా, వేలాడుతోందా? ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదే ఉందా? ఊళ్లోకి లారీ వచ్చే దారి ఉందా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుందిగానీ ముఠా మొత్తం పని దీనిమీదే ఆధారపడుతుంది. స్తంభం అవసరమని తెలిస్తే స్తంభంతో వస్తారు. తెలియకపోతే ఫ్యూజు తీగతో వచ్చి, చూసి, మళ్లీ వెనక్కి వెళతారు. అక్కడ ఒకరోజు పోతుంది. దారి లేకపోతే ఆ సిమెంటు స్తంభాన్ని పదిమంది భుజాలకెత్తుకుని చేల గట్ల వెంట మోసుకురావాలి. తుపాను తర్వాత పల్లెల్లో ఆ మోత మోసేది చాలాచోట్ల ఊరివాళ్లే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఊళ్లోనే ఎనర్జీ అసిస్టెంటు అని ఒకరు ఉంటున్నారు. చెప్పుకోవడానికి మనిషి దొరికాడు. కానీ ఆయన ఇల్లూ అదే తుపానులో ఉంటుందని, ఆయన ఫోనూ అదే టవరు మీద పనిచేస్తుందని మరచిపోకూడదు.

నేలమీద తీగ

తెగిపడిన తీగలో కరెంటు ఉండదని, ఊళ్లో లైట్లు లేవు కదా అని చాలామంది ధీమాగా దాటేస్తారు. ప్రాణాలు పోయేది అక్కడే. తీగ తడినేల మీద గట్టిగా ఆనితే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడుతుంది. పొడి ఇసుక మీదో, ఎండుటాకుల మీదో, కంచె మీదో పడితే భూమిలోకి వెళ్లే కరెంటు తక్కువ. ఆ కొంచానికి బ్రేకరు కదలకపోవచ్చు. తీగ నేలమీద పడి ఉంటుంది... 11 వేల వోల్టులతో! పొద్దున్నే మేతకు వదిలిన ఆవులే ముందు దాని బారిన పడతాయి. ఆవును లాగబోయి మనిషి. మనిషిని లాగబోయి ఇంకో మనిషి. కర్రతో జరుపుదామని చూడటం కూడా ప్రమాదమే. వానకు తడిసిన కర్రకు, తీగకు పెద్ద తేడా లేదు. చేయాల్సింది దూరంగా నిలబడి, అటు ఎవరినీ రానివ్వకుండా కాపలా కాయడం. కబురు సబ్‌స్టేషన్‌కు చేరేదాకా ఒకరు అక్కడే ఉండటం.

దీనికి తిరగబడ్డ ప్రమాదం ఇంకోటుంది. నాలుగైదు రోజులు కరెంటు లేకపోతే ఊళ్లోకి అద్దె జనరేటర్లు వస్తాయి. మోటారు వేసి నీళ్లు తోడతారు, సెల్‌ఫోన్లకు చార్జింగ్ పెడతారు. అంతవరకూ బాగానే ఉంది. కొందరు మెయిన్ స్విచ్ ఆపకుండా జనరేటర్‌ను నేరుగా ఇంటి వైరింగుకు కలిపేస్తారు. అప్పుడా కరెంటు ఇంట్లో ఆగదు. సర్వీసు తీగ మీదుగా వెనక్కి నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ 11 వేలను 230గా తగ్గించే యంత్రమే కదా, అటునుంచి 230 వస్తే వేల వోల్టులుగా పెంచి పైకి తోసేస్తుంది. రెండు ఊళ్ల అవతల స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్‌సీ... అంటే లైను ఆపినట్టు మాట... తీసుకునే ఎక్కుతాడు. సబ్‌స్టేషన్ ఆపింది నిజమే. ఎవరింటి జనరేటరో ఆపలేదు! అందుకే జాగ్రత్త తెలిసిన లైన్‌మన్ తాను పనిచేసే చోటుకు రెండు వైపులా లైనును ఎర్తు రాడ్లతో నేలకు కలిపిన తర్వాతే చెయ్యి పెడతాడు. తుపాను హడావుడిలో, ఊరివాళ్ల అరుపుల మధ్య, వర్షంలో ఆ రెండు రాడ్లు తగిలించడానికి పట్టే పది నిమిషాలను ఎవరూ విసుక్కోకూడదు.

విసుగు రావడం సహజమే అనుకోండి. మండలకేంద్రంలో లైట్లు వెలుగుతుంటాయి, మూడు మైళ్ల దూరంలో మనకు చీకటి. కులం చూసి ఇచ్చారనో, పార్టీ చూసి ఇచ్చారనో గుసగుసలు మొదలవుతాయి. చాలాసార్లు కారణం లైను అల్లికే. ముందు పెద్ద టవర్ల లైన్లు నిలబెట్టాలి. తర్వాత 33 కేవీ. ఆపైన ఫీడర్లు, ఆసుపత్రులు, నీళ్ల పథకాలు. చిట్టచివర వీధులు. చెట్టుకు నీళ్లు వేరునుంచి కొమ్మకెక్కినట్టే. ఆఖరి స్తంభం మీద ఉన్న పేటకు ఎప్పుడూ ఆఖరి వంతే. అయితే ఇదే వంకతో పేటలను మరచిపోవడమూ ఉంది. ఫీడరు చార్జి కాగానే ఆ ఊళ్లన్నీ ‘పునరుద్ధరణ’ ఖాతాలో పడిపోతాయి. ఫీడరు మీద కరెంటు రావడం వేరు, ఆ చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ముప్పై ఇళ్లలో బల్బు వెలగడం వేరు. శాతాల్లో చెప్పే లెక్కలో ముప్పై ఇళ్లు కనిపించవు. కనిపించాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఫోను చేయాలి.

చెట్టు తీస్తే సాక్ష్యం పోతుంది

కరెంటు ఫిర్యాదు ఒకటైతే పంట నష్టం చెప్పుకోవడం ఇంకోటి. ఈ రెండింటికీ ఒక్కోచోట చుక్కెదురు. కూలిన కొబ్బరి చెట్టు కరెంటు లైను మీద పడి ఉంటుంది. అది తీస్తేగానీ లైను లేవదు. తీసేస్తే నష్టం రాసుకోవడానికి వచ్చే ఉద్యోగికి చెట్టు కనిపించదు. రైతు ఏం చేయాలి? కరెంటు ముఠా పొద్దున్న వస్తుంది, లెక్కలవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. రంపం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రైతును చూసి అడ్డుపడుతున్నాడని అనుకోవడం తేలిక. ఆరేడేళ్లు పెంచితే కాపుకొచ్చే చెట్టు అది. చివరి రుజువు కూడా రంపానికే పోతుందని ఆయన భయం.

ఫొటో తీసుకోవడం, ఇల్లో బావో గుడో పక్కన కనిపించేలా తీసుకోవడం, మొద్దులను తోటలోనే ఉంచి లెక్క చూపించడం... తెలిసినవాళ్లు ఇలా చేస్తారు. మళ్లీ అదే చిక్కు. ఫొటోకు ఫోను కావాలి, ఫోనుకు చార్జింగ్ కావాలి. పొలం పంటలకైతే 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీ. 2015 వరకు అది 50 శాతం ఉండేది. మూడోవంతుకు కాస్త తక్కువ పోయినవాడికి ఏమీ రాదు. ఇక కౌలు రైతు చేతిలో కాగితమే ఉండదు. వెరావల్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకు పేరుమీద భూమి ఉంటే, ఊళ్లో ఉన్న తల్లి తన తోటకు తానే సాక్ష్యం చెప్పుకోవాలి.

వచ్చిందా?

లైను పని పూర్తయ్యాక ముఠాలో ఒకరు ఎర్తు రాడ్లు తీసి, మనుషులందరూ దిగారో లేదో లెక్క చూసుకుంటారు. ఊళ్లోకి కబురంపుతారు, చార్జి చేస్తున్నాం, తీగల దగ్గర ఎవరూ ఉండొద్దని. ఆ తర్వాత సబ్‌స్టేషన్‌కు ఫోను. ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తున్నాను, లైను వేయండి. ఆపరేటరు రిజిస్టరులో టైము రాసుకుని స్విచ్ తిప్పుతాడు. బ్రేకరు పడిపోకుండా నిలబడితే లైను మంచిదన్నమాట. ఊళ్లో వెలిగిందో లేదో మాత్రం ఆయనకు ఇప్పుడూ కనిపించదు. ఫోను పెట్టేయకుండా అడుగుతాడు... వచ్చిందా?

అన్ని రోజులుగా ఏ ఇంట్లోనూ స్విచ్‌లు ఆపి ఉండరు. కరెంటు వస్తే తెలియాలని లైట్లూ ఫ్యాన్లూ అన్నీ వేసే ఉంచుతారు. లైన్‌మన్ జవాబు చెప్పేలోపే వీధి చివరినుంచి పిల్లల కేక ఫోనులో వినిపిస్తుంది.